పది కుర్చీల్లో ఏడో ఎక్కం

బుధవారం పొద్దున ఎనిమిదింటికే కోడలు మెట్లు దిగి వచ్చిందంటే ఏదో తేల్చుకోవడానికే వచ్చిందని రూలీకి అర్థమైంది. మామూలుగా ఆ వేళకి అన్నెలోట్ సైకిలెక్కి ఆఫీసుకు పోతూ అత్తగారికి ఒక చెయ్యి ఊపుతుంది, అంతే. ఈ రోజు కోటు కూడా వేసుకోకుండా కొట్టు వెనక గదిలోకి వచ్చి గుమ్మంలో నిలబడింది.

రూలీ చక్రాల్లా గుండ్రంగా ఉండే పెద్ద చీజ్ దిమ్మల్ని తిరగేస్తోంది. చీజ్‌ను ఒకే వైపు పడుకోబెడితే అడుగున చెమ్మపట్టి పాడవుతుంది. వారానికి రెండుసార్లు ప్రతి చక్రాన్నీ ఎత్తి, చెక్క తుడిచి, బోర్లించి పెట్టాలి. డెవెంటర్ ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. కింద కొట్టు, దాని వెనక ఆమె ఉండే గదులు, పైన కొట్టులో ఆమెతో పాటు పనిచేసే కొడుకు బేరెండ్ కాపురం. రూలీ మనిషిని చూడగానే ఏం కొనడానికి వచ్చాడో, ఏం కొనకుండా పోతాడో చెప్పగలదు. కోడలి ముఖం చూస్తే కొనడానికి వచ్చినట్టు లేదు. ఇచ్చిన సరుకు వెనక్కి తీసుకోవడానికి వచ్చినట్టుంది.

"అత్తయ్యా, వచ్చే వారం నుంచి బుధవారాలు యోరీన్ మా నాన్న దగ్గరికి వెళ్తుంది."

రూలీ చేతిలో చక్రం అలాగే ఆగింది. బుధవారం బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. యోరీన్‌కి ఎనిమిదేళ్ళు. బడిలో చేరిన రోజు నుంచీ బుధవారం మధ్యాహ్నాలు నానమ్మవే.

"ఎందుకు? ఆయనకి ఉన్నట్టుండి మనవరాలు గుర్తొచ్చిందా?"

"ఎక్కాలు నేర్పడానికి. మీకు తెలుసు కదా, క్లాసులో ఎక్కాల సర్టిఫికెట్ రానిది ఇదొక్కతే. గోడ మీద అందరి పేర్లూ ఉన్నాయి, దీని పేరు లేదు." అన్నెలోట్ గొంతు సవరించుకుంది. "ఇంకోటి. దీన్ని ఇదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచితే మంచిదని టీచర్ అంటోంది. మేం ఒప్పుకుంటేనే ఉంచుతారు. కాగితం ఇచ్చింది, సోమవారానికి సంతకం పెట్టివ్వాలి. పెట్టమనే నాన్న అంటున్నారు."

"నాన్న సంగతి సరే. నువ్వేమంటున్నావ్?"

"ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు హెడ్మాస్టరుగా చేశారత్తయ్యా."

"నేను నలభై ఏళ్ళు చీజ్ అమ్మాను. ఒక చక్రం మెత్తగా ఉందని వరసలోంచి తీసి కింద పడెయ్యను. ఎక్కడ చెమ్మ పట్టిందో చూస్తాను."

"పిల్ల చీజ్ కాదు."

"కాదు. అందుకే చెప్తున్నా. చీజ్‌ని ఇంకో ఏడాది ఉంచితే రుచి పెరుగుతుంది. పిల్లని ఉంచితే సిగ్గు పెరుగుతుంది."

అన్నెలోట్ ముఖం ఎర్రబడింది. అసలు చెప్పాలనుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "మీ మేకుల చక్రం వల్లే అది ఇంకా గందరగోళపడుతోందట. నాన్న అన్నారు. దయచేసి దాన్ని తీసెయ్యండి."

"తియ్యను," అంది రూలీ, చక్రాన్ని బోర్లించి చెక్క మీద పెడుతూ. "బుధవారాలు నీ కూతురివి, ఎక్కడికైనా పంపించుకో. చక్రం నాది."

ఆ చక్రం పాత చీజ్ పీపా మూత. చలికాలంలో ఒక బుధవారం యోరీన్ ఎక్కాల పుస్తకం ముందు కూర్చుని పేజీ అంతా తడిసేలా ఏడ్చింది. శుక్రవారం మార్కెట్లో పక్క దుకాణం ఆమె, తన మనవల బడిలో ఎక్కాలు దారంతో గీస్తారని చెప్పింది. రూలీకి ఆ మాట చాలు. మూత అంచు చుట్టూ పది మేకులు కొట్టింది, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసింది, పొట్లాలు కట్టే దారపు ఉండ తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

రెండో ఎక్కంలో ఒకట్ల స్థానం అంకెలు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, సున్నా. దారం ఆ మేకుల మీదుగా పోతే ఐదు మూలల ఇల్లు వచ్చింది. ఐదో ఎక్కం చేస్తే అటూ ఇటూ ఒకే గీత. "పాపం, ఐదుకి వేరే పని లేదు," అంది యోరీన్. నాలుగో ఎక్కానికి ఐదు కోణాల చుక్క పొడిచింది. మూడో ఎక్కం పది మేకుల్నీ తాకి పది కోణాల పెద్ద చుక్క అయింది. దారం సున్నా మేకును దాటినప్పుడల్లా ఒక పది పెరుగుతుందని పిల్లే కనిపెట్టింది. ఆ రోజు నుంచి ఏడవడం మానేసింది. కానీ బడిలో అరవై లెక్కలకి ఐదు నిమిషాలు. టీచర్ గడియారం నొక్కగానే మేకులూ దారమూ చుక్కా అన్నీ కళ్ళ ముందు నుంచి మాయమయ్యేవి.

ఆ మధ్యాహ్నం యోరీన్ వచ్చి బూట్లు కూడా విప్పకుండా బల్ల దగ్గర కూలబడింది.

"నానమ్మా, ఆ కాగితం నేను చూశాను. ఫ్రిజ్ మీద పెట్టారు. నాకు చదవడం రాదనుకుంటున్నారా?"

"ఏమని ఉంది?"

"నేను ఇక్కడే ఉంటానని. మా వాళ్ళందరూ పై క్లాసుకి పోతారు. చిన్న పిల్లలు నా క్లాసుకి వస్తారు." ఏడవలేదు, పళ్ళు బిగపట్టింది. "నాకు ఎక్కాలు వచ్చు. త్వరగా రావు, అంతే."

రూలీ రొట్టె మీద వెన్న రాస్తూ ఆగింది. "కత్తి తొందరపడితే ముక్క వంకర పోతుందని మా కొట్టులో అందరికీ తెలుసు. మీ బడిలో ఇంకా తెలిసినట్టు లేదు. రా, ఇవాళ ఏడో ఎక్కం."

"ఏడు నాకు పడదు."

"పడనివాళ్ళతోనే ముందు మాట్లాడాలి. మిగతావాళ్ళు ఎటూ పోరు."

యోరీన్ దారం పట్టుకుని విసుగ్గా మొదలుపెట్టింది. ఏడు, నాలుగు, ఒకటి, ఎనిమిది... సగంలో ఆగి, మూత మీదికి వంగింది. "నానమ్మా! ఇది మూడో ఎక్కం చుక్కే! వెనక నుంచి నడుస్తోంది!" ఆ అరుపుకి కొట్టులో చీజ్ కొంటున్న పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు.

*

ఆదివారం రూలీ పుట్టినరోజు. ముందు గదిలో పది కుర్చీలు గుండ్రంగా వేశారు. వచ్చిన వాళ్ళు వచ్చినట్టు, అక్కడి పద్ధతి ప్రకారం, అందరికీ వరసగా చెయ్యి కలిపి, మీ అమ్మ పుట్టినరోజుకి, మీ అక్క పుట్టినరోజుకి, మీ పొరుగావిడ పుట్టినరోజుకి శుభాకాంక్షలని చెప్పి కూర్చున్నారు. రూలీ చెల్లెలు డీనీ, ఆమె భర్త, మార్కెట్లో చేపలు అమ్మే తోన్, అతని భార్య, పక్కింటి దంపతులు, బేరెండ్, అన్నెలోట్. అందరికంటే చివర లుబ్బర్ట్ మాస్టారు వచ్చాడు, అన్నెలోట్ తండ్రి. కోటు మీద దుమ్ము రేణువు లేదు, చేతిలో పసుపు తులిప్ పూలు.

ఒక్కొక్కరికి ఒక కప్పు కాఫీ, ఒక యాపిల్ కేకు ముక్క. యోరీన్‌కి కుర్చీ చాల్లేదు. మధ్యలో తివాచీ మీద కూర్చుంది.

కేకు అయ్యాక మాటలు కాస్త సద్దుమణిగాయి. మాస్టారు పళ్ళెం పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, జేబులోంచి స్టాప్‌వాచ్ తీశాడు.

"యోరీన్, ఇలా చూడు. ఏడు ఎనిమిదులు?"

పది ముఖాలూ పిల్ల వైపు తిరిగాయి. స్టాప్‌వాచ్ చప్పుడు వినిపిస్తోంది. యోరీన్ తివాచీ అంచు పట్టుకుని పెదాలు కదిపింది.

"మాస్టారూ," అంది రూలీ, "ఇది నా పుట్టినరోజు. పరీక్ష కాదు."

"ఒక్క ప్రశ్నే కదా రూలీ గారూ. ఎనిమిదేళ్ళ పిల్లకి నోటి మీద ఉండాలి. నా క్లాసులో..."

"మీ క్లాసు ఎప్పుడో అయిపోయింది. కుర్చీ మాత్రం ఇంకా మోసుకు తిరుగుతున్నారు."

తోన్ నవ్వబోయి భార్య మోచేతి పోటుకు దగ్గులా మార్చుకున్నాడు. బేరెండ్ నేల చూపులు చూస్తూ అన్నాడు, "అమ్మా, ఊరుకో."

"నువ్వు ఊరుకుని ఊరుకునే పిల్లని ఇంతదాకా తెచ్చావు. నేను ఊరుకోను."

మాస్టారు ఓపిగ్గా తల పంకించాడు. "చూడండి, నాకు మీ మీద కోపమేం లేదు. దారాలూ చుక్కలూ ఆడుకోవడానికి బాగుంటాయి. లెక్క మాత్రం నోట్లో ఉండాలి. ఇంకో ఏడాది అదే క్లాసులో ఉంటే పునాది గట్టిపడుతుంది. అన్నెలోట్ రేపు సంతకం పెట్టి ఇస్తుంది. అంతే కదమ్మా?"

అన్నెలోట్ కప్పు వైపు చూస్తోంది.

యోరీన్ లేచి నిలబడింది. చెవులు ఎర్రగా కందిపోయాయి. "నేను చెప్తాను. కానీ ముందు ఆ గడియారం జేబులో పెట్టు తాతయ్యా."

"ఏంటీ?"

"జేబులో పెట్టు. ఎవరూ కుర్చీల్లోంచి లేవకూడదు. ఇవాళ మీరందరూ మేకులు."

కొట్టులోకి పరుగెత్తి దారపు ఉండ తెచ్చింది. తాతయ్య ముందు ఆగింది. "నువ్వు సున్నా."

"నేనా? సున్నానా?"

"అన్నిటికంటే ముఖ్యమైన మేకు అదే. నిన్ను దాటితేనే పది అవుతుంది. దాటినప్పుడల్లా నువ్వు ఒక వేలు పైకి లేపాలి. నానమ్మ ఒకటి. పక్కింటివాళ్ళు రెండు, మూడు. డీనీ నానమ్మ నాలుగు, ఆ తాతయ్య ఐదు, అమ్మ ఆరు, నాన్న ఏడు. చేపల ఆంటీ ఎనిమిది, చేపల అంకుల్ తొమ్మిది."

"నాకు పేరుంది," అన్నాడు తోన్.

"ఇవాళ లేదు."

దారం కొస తాతయ్య వేళ్ళ మధ్య పెట్టి నడక మొదలుపెట్టింది. ఏడు అడుగులకి బేరెండ్ దగ్గరికొచ్చింది. "ఏడు. నాన్నా, గట్టిగా పట్టుకో." మళ్ళీ ఏడు అడుగులు. తాతయ్య మోకాళ్ళ ముందు నుంచి పోతూ ఆగి చూసింది. మాస్టారు చుట్టూ చూశాడు. ఎవరూ సాయానికి రాలేదు. ఒక వేలు లేపాడు. డీనీ దగ్గర ఆగింది. "పద్నాలుగు." ఇంకో వేలు, నానమ్మ. "ఇరవై ఒకటి." తాతయ్యని దాటకుండానే తోన్ భార్య. "ఇరవై ఎనిమిది. వేలు లేపకు, నన్ను మోసం చెయ్యకు."

"నేను లేపలేదు," అన్నాడు మాస్టారు గబగబా.

ముప్ఫై ఐదు. నలభై రెండు. నలభై తొమ్మిది. గది మధ్యలో దారాలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. పిల్ల వాటి కింద నుంచి వంగి దూరుతోంది. ఎవరూ కాఫీ తాగడం లేదు. మళ్ళీ తాతయ్యని దాటి, ఆరు కుర్చీలు లెక్కపెట్టి, తల్లి ముందు ఆగి, దారాన్ని ఆమె పిడికిట్లో పెట్టింది.

"ఇది ఎనిమిదోసారి ఆగడం. అమ్మ ఆరు. తాతయ్యా, నీ వేళ్ళు ఎన్ని?"

"ఐదు."

"యాభై ఆరు," అంది యోరీన్.

తోన్ చప్పట్లు కొట్టబోయాడు, చేతిలో దారం ఉందని ఆగిపోయాడు. మాస్టారు మాత్రం తల అడ్డంగా తిప్పాడు. వేళ్ళు ఇంకా దించలేదు. "బాగుంది. కానీ ఎంతసేపు పట్టింది? రేపు పరీక్షలో ఇలా కుర్చీలేసి దారం పట్టుకుని తిరగనిస్తారా? నోటికి రావాలి. అన్నెలోట్‌కి రాలేదా? దానికి ఇదే వయసులో గడగడా..."

"నాన్నా."

అన్నెలోట్ దారం పట్టుకున్న చేతినే చూస్తోంది. "ఏడు ఎనిమిదులు అంటే నాకేం గుర్తొస్తుందో తెలుసా? చల్లారిపోయిన బంగాళదుంపలు. సాయంత్రం ఆరింటికి అందరూ తింటుంటే నేను నీ కుర్చీ పక్కన నిలబడేదాన్ని. నా పళ్ళెం నీ ముందు పెట్టుకునేవాడివి. చెప్పాకే తినాలి. గడగడా వచ్చింది, నిజమే. ఆకలి వల్ల వచ్చింది."

"అన్నెలోట్, ఇంతమందిలో..."

"నువ్వు దాన్ని అడిగింది కూడా ఇంతమందిలోనే." కళ్ళ నీళ్ళు దారం మీద పడ్డాయి, తుడుచుకోవడానికి చెయ్యి వదల్లేదు. "యాభై ఆరు ఒక చోటు నుంచి వచ్చి ఇంకో చోటికి పోతుందని, దానికి ఒక దారి ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది. నలభై ఏళ్ళకి. నా కూతురు చూపించింది. దాన్నేనా నేను వెనక ఉంచబోయింది?"

రూలీ కోడలి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఈ కోడల్ని తను మాస్టారి వైపు తట్టలోనే వేసి తూచింది. మనుషుల్ని చూడగానే అంచనా వేస్తానన్న గర్వం ఒకటి. తన ఇంట్లోనే ఇంత తేడా తూకం తూచి, ఒక్కసారైనా త్రాసు సరిచూసుకోలేదు. లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. కానీ చేతిలో దారం ఉంది. మేకులు లేవకూడదు.

"అన్నెలోట్," అంది కూర్చున్న చోటు నుంచే, "నాదీ తప్పుందమ్మా. నిన్ను అడగాల్సింది. అడక్కుండా లెక్కగట్టాను."

"నేను సంతకం పెట్టను," అంది అన్నెలోట్. "పిల్ల తన క్లాసుతోనే పైకి పోతుంది. రేపు నేనే బడికెళ్ళి చెప్తాను."

"టీచర్ ఒప్పుకోకపోతే?" అన్నాడు మాస్టారు. గొంతులో హెడ్మాస్టరు సగమే మిగిలాడు.

"మా ఒప్పుదల లేకుండా ఉంచలేరు. గడియారం లేకుండా దీన్ని ఒక్కసారి అడిగి చూడమంటాను. చూడకపోతే ఎల్లుండి వెళ్తాను. ఆ మర్నాడూ వెళ్తాను. బుధవారం మధ్యాహ్నం మాత్రం కుదరదు. అది అత్తయ్యది."

బేరెండ్ తలెత్తాడు. "రేపు నేనూ వస్తా. కొట్టు ఒక పూట మూసేద్దాం. ఏమంటావమ్మా?"

"ఈ మాట కోసం నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆగాను. మూసెయ్," అంది రూలీ.

యోరీన్‌కి ఇదంతా ఎక్కువైంది. "ఇంకా రెండుసార్లు ఆగాలి, ఎవరూ వదలకండి!" అంటూ నడిచింది. అరవై మూడు. డెబ్బై. తాతయ్య దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆయన ఏడు వేళ్ళు లేపి ఉన్నాడు. పది మంది చేతుల మధ్య, తివాచీ పైన, పది కోణాల చుక్క బిగుతుగా నిలిచింది.

"ఇప్పుడు విప్పుతాను. చూడు తాతయ్యా, వెనక్కి పోతే ఏమొస్తుందో." ఉండ చుట్టుకుంటూ వచ్చిన దారినే బయలుదేరింది. మూడు. ఆరు. తొమ్మిది. రెండు. ఐదు. దారం ఒక్కొక్క చెయ్యి వదిలి ఉండలోకి చేరుతోంది. "ఏడో ఎక్కం విప్పితే మూడో ఎక్కం! నాకు మూడు ముందే వచ్చుగా? అంటే ఏడు కూడా సగం వచ్చినట్టే!"

మాస్టారు లేపిన వేళ్ళు దించాడు. "ముప్ఫై ఎనిమిదేళ్ళు చెప్పాను," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "నాకిది తెలీదు."

ఆయన కూతురి వైపు చూడలేక మనవరాలి చేతిలోని ఉండ వైపు చూశాడు. "ఎనిమిదో ఎక్కం ఎలా ఉంటుంది?"

"నేను చెప్పను. నువ్వే నడువు."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. దారపు ఉండ అందుకున్నాడు. సున్నా కుర్చీ ఖాళీ అయ్యేసరికి అన్నెలోట్ కళ్ళు తుడుచుకుని వచ్చి అందులో కూర్చుంది. యోరీన్ తల్లి కుర్చీలోకి ఎగిరి కూర్చుని కాళ్ళు ఊపింది.

ఎనిమిది అడుగులకి తోన్ భార్య. మళ్ళీ ఎనిమిది, సున్నా కుర్చీలో వేలు ఒకటి లేచింది, యోరీన్. "పదహారు," అంది పిల్ల, ఆయన మర్చిపోతాడేమోనని. తర్వాత డీనీ, తర్వాత పక్కింటాయన.

"ఏవండీ మాస్టారూ, నా దాకా రారా?" అన్నాడు తోన్, తొమ్మిదో కుర్చీలో ఖాళీ చేతులతో. "పుట్టినరోజుకి పిలిచి ఇదేం మర్యాద!"

"ఎనిమిదో ఎక్కానికి మీరు అక్కర్లేదు అంకుల్. నానమ్మ కూడా అక్కర్లేదు. చూడండి, అలిగిందా?"

"కడుపు మండిపోతోంది," అంది రూలీ.

మాస్టారు నవ్వలేదు. పెదాలతో అడుగులు లెక్కపెట్టుకుంటూ, తప్పిపోతానేమోనన్న భయంతో, కూతురి ముందుకొచ్చి ఆగాడు. ఆమె నాలుగు వేళ్ళు లేపి ఉంది.

"నలభై," అన్నాడు. దారాన్ని ఆమె వేళ్ళకి తగిలించాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అమ్మడూ, ఆ భోజనాలు... నేను..."

అన్నెలోట్ ఆ ముసలి చేతిని ఒక క్షణం గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలి, దారాన్ని ఆయన వైపు నెట్టింది.

"ఎనభై దాకా వెళ్ళాలి నాన్నా. సగమే అయింది. నడు, నేను వేళ్ళు లెక్కపెడతాను."

ఆయన నడిచాడు.